కుక్కపిల్ల మా ముందు మూత్రం పోయదు, దాక్కుని పోస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాటుక వాళ్లమ్మ:

అందరికీ నమస్తే. రాత్రి పదకొండున్నరకి రాస్తున్నాను. ఇప్పుడే సోఫా వెనక తుడిచి వచ్చాను, ఈ రోజుకి ఇది మూడోసారి.

మా కుక్కపిల్ల పేరు కాటుక. ఆడది, ఒళ్లంతా నలుపు, నాలుగున్నర నెలలు. రెండు నెలల వయసులో మా ఇంటికి వచ్చింది. ఇంట్లో నేను, మా ఆయన, అత్తయ్య, తొమ్మిదేళ్ల మా బాబు ఉంటాం. మాది మూడో అంతస్తు. కింద గడ్డి ఉన్న చిన్న ఖాళీ స్థలం ఉంది.

మొదటి మూడు వారాలు బాల్కనీలో కాగితాలు పరిచాం. సగంసార్లు కాగితం మీద, సగంసార్లు ఎక్కడ పడితే అక్కడ పోసేది. అప్పుడు మా ఆయనకి ఆఫీసులో ఎవరో "పోసిన చోటికి లాక్కెళ్లి ముక్కు నేలకి రాయండి, రెండు రోజుల్లో మానేస్తుంది" అని చెప్పారట. నాలుగైదుసార్లు అలా చేశాం. అందులో ఒకసారి చేసింది నేనే. ఆ రోజు అది నా చేతి కింద కదలకుండా, కళ్లు మూసుకుని ఉండిపోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

తర్వాత నిజంగానే రెండు రోజులు ఇంట్లో ఎక్కడా తడి కనబడలేదు. మానేసిందని సంతోషపడ్డాం. మూడో రోజు అత్తయ్య గదిలో వాసన వస్తుంటే టార్చి వేసి చూశాం. మంచం కింద, గోడ మూలకి, ఒకేచోట నాలుగు మరకలు. మానలేదు, మా కంట పడకుండా పోయడం నేర్చుకుంది.

ఇప్పుడు కిందికి తీసుకెళ్తే నలభై నిమిషాలు తిరుగుతుంది. ప్రతి మొక్కనీ వాసన చూస్తుంది కానీ పోయదు. మధ్యమధ్యలో ఆగి నా మొహమే చూస్తుంది. పైకి తెచ్చి పట్టీ విప్పిన ఐదు నిమిషాల్లో కర్టెన్ వెనకో మంచం కిందో పని కానిచ్చేస్తుంది. నేను ఆఫీసు నుంచి వచ్చి మరక వైపు చూస్తే చాలు, ఒక్క మాట అనకముందే చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుంటూ తల పక్కకి తిప్పేసుకుంటుంది. "చూశావా, తప్పని దానికి తెలుసు, కావాలనే చేస్తోంది" అంటారు మా ఆయన. నాకు అలా అనిపించడం లేదు. కానీ ఆయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇంకోటి, సాయంత్రం ఏడు దాటాక బాబు చేతులూ మడమలూ పట్టుకుని కొరుకుతోంది. వాడు అరిస్తే ఇంకా ఎక్కువ చేస్తోంది.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, తడి నేల మీద జారితే ఎలా అని నాకు ఒకటే టెన్షన్. "ఎవరికైనా ఇచ్చేద్దాం" అనే మాట నిన్న మొదటిసారి ఇంట్లో వచ్చింది. దాన్ని ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. పెంచినవాళ్లు ఎవరైనా దారి చెప్పండి.

నాలుగు కుక్కల ఇల్లు:

అమ్మా, కంట పడకుండా పోయడం నేర్చుకుంది అని మీరే రాశారు. జరిగింది అచ్చంగా అదే. గచ్చు మీద పోయకూడదు, గడ్డి మీద పోయాలి అన్న సంగతి ముక్కు రాసినప్పుడు దానికి చేరలేదు. మనిషి చూస్తుండగా మూత్రం పోస్తే ఏదో చెడు జరుగుతుంది, అంతవరకే చేరింది. అందుకే కింద మీరు పక్కన ఉన్నంతసేపూ ఆపుకుంటోంది, పైన మీరు తల తిప్పగానే వదిలేస్తోంది. దాని లెక్క ప్రకారం అది చాలా జాగ్రత్తగా, బుద్ధిగా నడుచుకుంటోంది. మా రెండో కుక్కతో నేనూ ఇదే పొరపాటు చేశాను. దాని భయం పోవడానికి రెండు నెలలు పట్టింది. మీది ఇంకా పసిది, అంత కాలం పట్టదు.

మీ వారికి ఒక ప్రయోగం గురించి చెప్పండి. 2009లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలతో చేశారు. యజమాని తినుబండారం చూపించి "తినొద్దు" అని చెప్పి గది బయటికి వెళ్తారు. తిరిగొచ్చాక కుక్క తినేసిందని కొందరికి, తినలేదని కొందరికి చెప్పారు. చెప్పింది ప్రతిసారీ నిజం కాదు. తినేసిందని విన్న యజమాని తిడతారు. మనం "తప్పు తెలుసు" అనుకునే ఆ మొహం తిండి తిన్న కుక్కల్లో కాదు, తిట్లు తిన్న కుక్కల్లో ఎక్కువగా కనిపించింది. అసలేమీ తినకుండానే తిట్లు పడ్డ కుక్కల్లో మరీ ఎక్కువ. చెవులు వాల్చడం, మూతి నాక్కోవడం, మొహం తిప్పుకోవడం అన్నీ "నన్నేమీ చేయకు" అని బతిమాలుకోవడమే. కాటుక మీ మొహంలో కోపం చదువుతోంది. గంట కిందటి మరకకీ ఆ కోపానికీ ముడిపెట్టడం దానికి చేతకాదు.

ఇక చేయాల్సింది. నాలుగైదు మీటర్ల పొడవు పట్టీ కొనండి. మీకూ దానికీ మధ్య దూరం ఉండాలి, ఇప్పుడు దానికి కావాల్సింది అదే. రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. వెళ్లాక నడవకండి, పక్కకి తిరిగి నిలబడి దాన్ని చూడనట్టే ఉండండి. అది పోయడం మొదలుపెడితే ఊపిరి కూడా మెల్లగా తీయండి. మధ్యలో "శభాష్" అంటే సగంలో ఆపేసి మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, మిగతా సగం మీ ఇంట్లో పోస్తుంది. పూర్తిగా అయ్యాక మెత్తగా మెచ్చుకుని, అక్కడికక్కడే, ఒకటి రెండు సెకన్లలో ఉడికించిన చికెన్ ముక్క నోటికి అందించండి. ముక్కలు జేబులో తీసుకెళ్లాలి. పైకి వచ్చాక పెడితే మెట్లెక్కినందుకు పెట్టారనుకుంటుంది.

చాలామంది కుక్క పని కాగానే ఇంటికి లాక్కొచ్చేస్తారు. పోస్తే షికారు ఆగిపోతుందని దానికి అర్థమవుతుంది, రేపటి నుంచి ఆపుకుంటుంది. పోశాకే ఆట మొదలవ్వాలి.

పది నిమిషాల్లో పోయకపోతే పైకి తెచ్చేయండి, కానీ పట్టీ విప్పొద్దు. ఇన్నాళ్లూ మీకు తేడా కొడుతున్నది ఇక్కడే. పట్టీ మీ నడుముకి కట్టుకుని, పావుగంట మీతోనే తిప్పుకుని, మళ్లీ కిందికి వెళ్లండి. అవసరమైతే మూడోసారి కూడా. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట మధ్యలో, రాత్రి పడుకునే ముందు తప్పకుండా తీసుకెళ్లాలి. ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు. అది ఊరికే పడుకుని ఉన్నప్పటి మాట. ఆడుతున్న పిల్ల గంటకే పోస్తుంది.

కొన్నాళ్లు అత్తయ్యగారి గది తలుపు మూసి ఉంచండి. ఇంట్లో పోస్తూ కనబడితే అరవకుండా ఎత్తుకుని కిందికి తీసుకెళ్లండి. పోసేశాక చూస్తే తుడవండి, అంతే. దాని వైపు చూడను కూడా చూడొద్దు.

క్లినిక్‌లో పనిచేస్తాను:

మేడమ్, పై సలహా అంతా మంచిదే. నేను ఒక పశువైద్యుల క్లినిక్‌లో సహాయకురాలిని. శిక్షణ కంటే ముందు ఒక మూత్ర పరీక్ష చేయించండి. ఆడకుక్కల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఎక్కువ, అది ఉంటే ఎంత నేర్పినా లాభం లేదు. కొంచెం కొంచెంగా చాలాసార్లు పోయడం, ముక్కడం, ఆ చోట పదేపదే నాక్కోవడం, ఎరుపు కనబడటం, నీళ్లు మరీ ఎక్కువ తాగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయొద్దు. మీ పిల్ల మీ ముందు పోయదు కాబట్టి శాంపిల్ పట్టడం కష్టం. ఆ సంగతి డాక్టర్‌కి చెబితే పొట్ట మీదుగా సన్నని సూదితో మూత్రాశయం నుంచే తీస్తారు. చూడటానికి భయంగా ఉంటుంది కానీ చాలా కుక్కలు కదలకుండా చేయించుకుంటాయి. ఇంట్లో తడి తగ్గుతుందని నీళ్లు మాత్రం తగ్గించకండి.

రెండోది, తుడిచే పద్ధతి. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడొద్దు, దాని వాసన మూత్రం వాసనకి దగ్గరగా ఉంటుంది. మామూలు సబ్బుతో మన ముక్కుకి వాసన పోతుంది, కుక్క ముక్కుకి పోదు. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ తెచ్చి, ధారాళంగా పోసి, సీసా మీద రాసినంతసేపు నాననిచ్చి అప్పుడు తుడవండి. గది చీకటి చేసి యూవీ టార్చి వేస్తే ఎండిపోయిన మరకలు కూడా మెరుస్తూ కనబడతాయి. నాలుగు అనుకున్న చోట పది బయటపడటం చాలా ఇళ్లలో చూశాను.

కొరకడం గురించి. ఈ వయసులో 28 పాలపళ్లు రాలుతూ 42 గట్టిపళ్లు వస్తుంటాయి, చిగుళ్లు సలుపుతాయి. తడిపి, మెలిపెట్టి, ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డ నమలనివ్వండి, మింగకుండా పక్కనే ఉండండి. ఏడు దాటాక మాత్రమే అంటున్నారంటే అది అలిసిపోయి ఉండవచ్చు. ఈ వయసు పిల్ల రోజులో 16 నుంచి 18 గంటలు పడుకోవాలి. బాబు స్కూల్ నుంచి వచ్చాక దాన్ని ఎవరూ పడుకోనివ్వడం లేదేమో చూడండి. ఆరింటికి ఒక గంట నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకోబెట్టి చూడండి. బాబుని అరవొద్దని, పరిగెత్తొద్దని, చెట్టులా నిలబడిపోమ్మని చెప్పండి.

పాత పద్ధతి మనిషి:

నేను దీనికి ఒప్పుకోను. ముప్పై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. ఇంటికి పెద్ద ఎవరో కుక్కకి తెలియాలి. తోడేళ్ల గుంపులో నాయకుడు కోరతో చెబుతాడు, మనం చేతితో చెబుతాం. నా కుక్కలేవీ ఇంట్లో పోయలేదు. చికెన్ ముక్కలతో మొదలుపెడితే రేపు ముక్క లేనిదే మాట వినదు.

నాలుగు కుక్కల ఇల్లు:

అయ్యా, మీ అనుభవం మీద గౌరవం ఉంది. ఆ తోడేళ్ల కథ మీద మాత్రం లేదు. 1947లో జంతు పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ ఈ నాయకుడి సంగతి రాసినది బంధించి ఉంచిన తోడేళ్లని చూసి. ఆ నాయకుడి మాటని 1970లో తన పుస్తకం ద్వారా అందరి నోటా పలికించిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించి, 1999లో తనే దాన్ని సరిదిద్దుకున్నారు. అడవిలో గుంపు అంటే చాలావరకు ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ల పిల్లలు. కొట్టి గెలిచిన నాయకుడు కాదు, కన్నవాళ్లు. పైగా కాటుక ముక్కుకి ఆ పాత పద్ధతి ఇప్పటికే నాలుగైదుసార్లు జరిగింది. ఫలితం వాళ్ల అత్తయ్యగారి మంచం కింద ఉంది.

ముక్కల సంగతి. రెండు మూడు వారాలు ప్రతిసారీ ఇచ్చి, అలవాటు కుదిరాక ఒకసారి ఇచ్చి ఒకసారి మానేస్తూ తగ్గించుకుంటూ పోవాలి. మా నాలుగూ ఇప్పుడు ఉత్త మాటకే పోస్తాయి.

కాటుక వాళ్లమ్మ:

పంతొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. మూత్ర పరీక్షలో ఏమీ లేదన్నారు. యూవీ టార్చితో పదకొండు మరకలు దొరికాయి, రెండు మా బీరువా కిందే.

మొదటి నాలుగు రోజులు ఏమీ మారలేదు. కిందికి పైకి తిరిగి తిరిగి నాకు ఏడుపొచ్చింది. ఐదో రోజు పొద్దున ఆరింటికి, మూడోసారి దిగినప్పుడు, పట్టీ పూర్తిగా సాగేంత దూరం వెళ్లి, మొక్క చాటున, నాకు వీపు పెట్టి పోసింది. ముక్క పెడుతుంటే నా చెయ్యి వణికింది. మొదట వెనక్కి జరిగింది, తర్వాత తీసుకుంది. మర్నాడు ఇంకాస్త దగ్గరలో పోసింది. ఇప్పుడు రెండు మీటర్ల దూరంలో, నా వైపు తిరిగి పోస్తోంది.

మా ఆయన ఈ జవాబులన్నీ చదివారు. ఏమీ అనలేదు. రాత్రి పదిన్నరకి దాన్ని తీసుకెళ్లే పని తనే తీసుకున్నారు. ఆయనతో పోయడానికి ఇంకో వారం పట్టింది. ఓపికగా వెళ్లొచ్చేవారు, జేబులో ముక్కలు అలాగే వెనక్కి తెచ్చేవారు. మొన్న రాత్రి ఖాళీ జేబు బయటికి తీసి చూపించారు.

గడిచిన ఆరు రోజుల్లో ఇంట్లో ఒక్కసారే పోసింది. అది కూడా మేం ఆలస్యం చేసినందుకు. కొరకడం పూర్తిగా పోలేదు, ఆరింటికి పడుకున్న రోజు మాత్రం చాలా తక్కువ. ఇచ్చేద్దామన్న మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఒకటే సమస్య. వర్షం పడితే తడి గడ్డి మీద కాలు పెట్టడం లేదు, గుమ్మం దగ్గరే కూర్చుండిపోతుంది. దీనికి ఏం చేయాలి?

నాలుగు కుక్కల ఇల్లు:

చాలా సంతోషం అమ్మా. వర్షం లేని రోజు గడ్డి మీద నీళ్లు చల్లి, ఆ తడిలో నాలుగైదు ముక్కలు విసిరి వెతుక్కోనివ్వండి. రోజూ ఐదు నిమిషాలు చాలు, పోయమని అడగొద్దు. నిజంగా వర్షం వచ్చినప్పుడు మీరు కూడా గొడుగు పట్టుకుని గడ్డిలోకి దిగండి. మీరు గుమ్మంలో నిలబడి దాన్ని మాత్రం వెళ్లమంటే వెళ్లదు. గొడుగు ముందు ఇంట్లో తెరిచి చూపించండి, కొన్ని పిల్లలు దానికీ బెదురుతాయి.