మూడో తరగతికి ‘మన శరీరం’ పాఠం: పేర్లొచ్చాయి, అర్థం కాలేదు. ఏం చేయను?

మూడో తరగతి టీచర్:
చార్టు వేలాడదీసి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం అన్నీ చూపించాను. గడగడా అప్పజెప్పారు. సంబరపడిపోయి, ‘మీ ఒంట్లో ఏముందో బొమ్మ గీయండి’ అన్నాను. 28 కాగితాలు వచ్చాయి. దాదాపు అన్నింట్లో గుండె పేకముక్క మీది ఆఠీను గుర్తే! ఒకడు నోటి నుంచి బొడ్డు దాకా ఒకే గొట్టం గీసి ఆపేశాడు. ‘తర్వాత?’ అంటే, ‘అరిగిపోతుంది టీచర్’ అన్నాడు. ఏ భాగానికీ ఇంకోదానితో సంబంధం లేదు. తప్పు నాదే, పేర్లు చెప్పాను గానీ పని చెప్పలేదు. మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైరైన మాస్టారు:
చార్టు చుట్టి బీరువాలో పెట్టండమ్మా. కాగితాన్ని గొట్టంలా చుట్టి, పక్కవాళ్ల ఛాతీకి ఆనించి వినమనండి. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితం చుట్టి వినబట్టే స్టెతస్కోపు పుట్టింది. తర్వాత మణికట్టు దగ్గర నాడి పట్టించండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి, ఎక్కాలూ అయిపోతాయి. కాసేపు గెంతించి మళ్లీ లెక్కించండి. గెంతింది కాళ్లయితే గుండెకెందుకు తొందర? అది వాళ్ల నోటే రావాలి. కండరాలకు ఆక్సిజన్ కావాలి, మోసుకొచ్చేది రక్తం, అది నింపుకునేది ఊపిరితిత్తుల్లో. ఆ దారంతా అప్పుడు చెప్పండి.

నర్సుగా పనిచేస్తున్నాను:
ఆస్తమా ఉన్న పిల్లల్ని గెంతించకండి, అంకెలు రాసే పని ఇవ్వండి. ఎవరిది ఎక్కువో పోల్చనివ్వకండి. ఈ వయసులో నిమిషానికి 80 అయినా 105 అయినా మామూలే. మావాడు తనకొక్కడికే ఎక్కువొచ్చిందని రాత్రంతా టెన్షన్ పడ్డాడు. ఇంకోటి, చార్టులో సిరలకు నీలం రంగు వేస్తారు కదా, రక్తం నీలంగా ఉంటుందనుకుంటారు. ఆక్సిజన్ తగ్గినా ఎరుపే, కాస్త ముదురు, అంతే.

ఇద్దరు పిల్లల తల్లి:
ఆ గొట్టం బాబుకి 6 మీటర్ల తాడు ఇచ్చి పొట్ట మీద సర్దమనండి. పెద్దవాళ్ల చిన్న పేగు సుమారు అంతుంటుంది.

మూడో తరగతి టీచర్:
రెండూ చేశాను. అందరూ గుండె కోసం ఎడమ చంక దాకా వెతికారు, ఛాతీ మధ్యలో కొంచెం ఎడమకు జరపాల్సి వచ్చింది. గొట్టం బాబు తాడు మడతలు పెట్టీ పెట్టీ, ‘ఇంత దూరం నడిస్తే అరగదా మరి’ అన్నాడు. తిన్నదాంట్లో సారం ఆ దారిలోనే రక్తంలోకి వెళ్తుందని చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఒకమ్మాయి మాత్రం ఇరికించింది: ‘నిద్రపోతే గుండెకి కొట్టుకోమని ఎవరు చెప్తారు?’ మెదడు అనబోయి ఆగాను.

నర్సుగా పనిచేస్తున్నాను:
ఆగి మంచి పని చేశారు. ఆ కొట్టుకోవడం గుండెలోనే ఉన్న చిన్న కణాల గుంపు నుంచి మొదలవుతుంది. మెదడు దాని వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది.