‘డాక్‌నామ్’ను ముద్దుపేరు అనవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈ నెల మేము కొందరం కలిసి ఝుంపా లాహిరి నవల ‘ది నేమ్‌సేక్’ చదువుతున్నాం. మాలో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల కోసం కొన్ని పేజీలు తెలుగు చేసి వినిపిస్తున్నాను. ‘డాక్‌నామ్’, ‘భాలోనామ్’ అనే బెంగాలీ మాటల దగ్గర ఆగిపోయాను. మొదటిదానికి ముద్దుపేరు, రెండోదానికి అసలు పేరు అని రాసుకున్నాను. సరిపోతాయా అండీ?

జవాబు: మంచి చోట ఆగారండీ. ఆ నవల అంతా ఈ రెండు మాటల మీదే నిలబడింది.

ముందు ‘అసలు పేరు’ సంగతి. దయచేసి అది మాత్రం వద్దు. 2003లో వచ్చిన ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా, అమెరికాలో బెంగాలీ దంపతులకు పుట్టిన ఒక కుర్రవాడి అసలు పేరు ఏది అని వెతుకుతూనే ఉంటుంది. ఒకదానికి మనమే ‘అసలు’ అని ముద్ర వేస్తే, రచయిత్రి తేల్చకుండా ఉంచినదాన్ని అనువాదంలో మనం తేల్చేసినట్లవుతుంది. పోనీ ‘భాలో’ అంటే మంచి కదా అని మాటకు మాట ‘మంచి పేరు’ అందామంటే, మంచి పేరు తెచ్చుకోవడం వేరు, నామకరణం చేసిన పేరు వేరు. కాబట్టి ‘పెట్టిన పేరు’ అనండి. నాకు ఇంతకంటే దగ్గరి మాట తోచలేదు.

ఇక డాక్‌నామ్. బెంగాలీలో ‘డాకా’ అంటే పిలవడం. డాక్‌నామ్ అంటే పిలిచే పేరు, అంతే. ఆ మాటలో ముద్దు లేదు. లాహిరి ఇంగ్లీషు పాఠకులకు దాన్ని ‘పెట్ నేమ్’ అని వివరించారు. మనకు ముద్దుపేరు తట్టింది ఆ ఇంగ్లీషు మాట మీదుగానే. బెంగాలీ నుంచి నేరుగా తెలుగులోకి వస్తే ‘పిలిచే పేరు’ అనే వస్తుంది.

ఇంకొకటి కూడా చూడండి. బెంగాలీలో ‘డాక్’ అంటే తపాలా కూడా. రవీంద్రుల నాటకం ‘డాక్‌ఘర్’లో ఉన్నది ఆ మాటే. మన దగ్గర డాక్ బంగళా అన్నదీ దాని తోబుట్టువే. నవలలో బిడ్డకు పేరు పెట్టే హక్కు ముత్తవ్వది. ఆమె కలకత్తా నుంచి ఉత్తరం వేస్తుంది, అది అమెరికాకు చేరనే చేరదు. జనన ధ్రువపత్రంలో పేరు రాయనిదే ఆసుపత్రి వాళ్లు తల్లీబిడ్డలను ఇంటికి పంపరు. చేసేది లేక తండ్రి అశోక్ అప్పటికి ‘గొగోల్’ అని రాయిస్తాడు. పెట్టిన పేరు తపాలాలో పోయి, పిలిచే పేరు కాగితానికి ఎక్కింది. నవల ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఈ శ్లేషను రచయిత్రికి అంటగట్టను. కానీ బెంగాలీ చెవికి అది వినపడకుండా ఉంటుందని మాత్రం అనుకోలేను.

మరొకరు: మాస్టారూ, వినేవాళ్లకు వెంటనే అర్థం కావాలి కదా. మనకూ బుజ్జి, పండు, చిట్టి, నాని ఉన్నాయి. అవన్నీ ముద్దుపేర్లే. పిలిచే పేరు అంటే చప్పగా లేదూ?

జవాబు: మీ మాట కాదనను. అయితే మన ఇళ్లలో పిలిచే పేర్లన్నీ ముద్దులోంచి పుట్టాయా అని ఒక్కసారి ఆలోచించండి.

మా నాన్నగారికి ఆయన తాతగారి పేరు పెట్టారు. అంటే మా నాయనమ్మకు అది మామగారి పేరు. బతికినన్నాళ్లూ ఆ పేరు ఆమె పెదవి దాటలేదు. ‘అబ్బాయి’ అనే పిలిచింది. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి ఇంటిపేరుతో సహా గట్టిగా చదివితే, నాయనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ‘మా అబ్బాయికే నాయనా’ అని కార్డు అందుకునేది. ఎన్ని ఇళ్లలో తాతబ్బాయిలు, అమ్మాజీలు ఇలా పుట్టారో! ఇది గారాబం కాదు, మర్యాద. పెద్దల పేరును పిల్లవాడి మీద కేకేయకూడదు కాబట్టి పుట్టిన పిలుపు. దీన్ని ముద్దుపేరు అంటే నాకు మనసొప్పదు.

బెంగాలీ ఆచారం ఇదే అని కాదు. అక్కడ ప్రతి బిడ్డకూ రెండు పేర్లు ఉండి తీరాలి. మనకు ఆ నియమం లేదు. కానీ లోపలికి ఒకటి, గుమ్మం బయటికి ఒకటి అన్న ఎరుక మాత్రం ఇద్దరికీ ఉంది. గొగోల్ బాధ అర్థం కావాలంటే ఆ గుమ్మమే కనపడాలి. బడిలో వేసేటప్పుడు తల్లిదండ్రులు ‘నిఖిల్’ అని చెబుతారు. వాడు పలకడు. ప్రధానోపాధ్యాయురాలు పిల్లవాడి మాటే ఖాయం చేస్తుంది. తర్వాత కాలేజీకి వెళ్లబోతూ తనే కోర్టులో నిఖిల్ అని మార్పించుకుంటాడు. అప్పటికి ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

లాహిరికీ ఇదే జరిగింది. నీలాంజన, సుదేష్ణ ఆమెకు పెట్టిన పేర్లు. ఝుంపా ఇంట్లో పిలిచేది. అమెరికాలో బడిలో ఆ చిన్న పేరు తేలికని ఉపాధ్యాయురాలు అదే ఖాయం చేసింది. 2000లో పులిట్జర్ బహుమతి వచ్చింది కూడా ఆ పేరుకే. అలాంటి రచయిత్రి తర్వాత రోముకు వెళ్లి ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టి, 2018లో ‘దోవె మి త్రోవో’ అనే నవల ఇచ్చారు. అందులో కథ చెప్పే ఆవిడకు పేరే లేదు, ఊరికీ పేరు లేదు. ‘నేమ్‌సేక్’ చదివిన వెంటనే అది చదివితే గుండె పట్టేస్తుంది.

మన వాళ్లకు ప్రత్యేకంగా తగిలే చోటు ఇంకొకటుంది. గొగోల్ అన్నది నికొలాయ్ గొగోల్ అనే రష్యన్ రచయిత ఇంటిపేరు. కుర్రవాడు పెద్దవుతూ ఆ సంగతి గ్రహించి కుంగిపోతాడు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. విదేశాల్లో ఫారాలు నింపాక ఇంటిపేరుతోనే పిలిపించుకుంటూ బతికిన తెలుగువాళ్లు ఎందరో. మీ పెద్దలకు ఆ పేజీ తప్పకుండా వినిపించండి, వివరణ అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మొదటిసారి వచ్చినప్పుడు డాక్‌నామ్ అనే ఉంచి, తర్వాత నుంచి ‘పిలిచే పేరు’ అని రాస్తాను. ఇంకొక్క సందేహం. గొగోల్ తల్లి ఆషిమా తన భర్త పేరు పలకదు. దానికి బదులు ఒక ప్రశ్న వేసి పిలుస్తుందని, ఆ ప్రశ్నకు ‘నా మాట వింటున్నారా’ అని సుమారుగా అర్థమని రచయిత్రి రాశారు. దీన్ని తెలుగులో ఎలా చెప్పను?

జవాబు: ఇక్కడ ఇంగ్లీషుకు వాక్యాలు పట్టాయి, మనకు ఒక్క మాట చాలు. ‘ఏమండీ’. అదీ ప్రశ్నే కదా.