అప్‌డేట్: మా చెల్లెలిది మైగ్రేన్ కాదు

నెల క్రితం అడిగాను. మా చెల్లెలికి పొద్దున లేవగానే తలనొప్పి, చెప్పులు వేసుకోవడానికి వంగితే రెండు క్షణాలు కళ్లకు చీకట్లు, పడుకుంటే చెవిలో గుండె కొట్టుకున్నట్టు హోరు, మైగ్రేన్ మాత్రలు పని చేయడం లేదు, ఏం చేయాలి అని. ముందు కంటి డాక్టరుకు చూపించమన్నవారికి దండాలు.

కంటిలో చుక్కలు వేసి చూశారు. రెండు కంటి నరాలూ వాచి ఉన్నాయి. తలలో పీడనం పెరిగిందని అనుమానం. అదే రోజు ఎంఆర్‌ఐ, మెదడు సిరల స్కాన్ తీయించారు. గడ్డ లేదు, సిరలో రక్తం గడ్డకట్టనూ లేదు. ఆ తర్వాతే తలలో పీడనం కొలవడానికి నడుము దగ్గర వెన్నులో సూది. పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిపించారు. నా వేళ్లు నలిగేలా పట్టుకుంది. గాజుగొట్టంలో వెన్ను నీరు 34 సెంటీమీటర్ల దాకా ఎక్కింది. 25 దాటితే ఎక్కువేనట.

మొటిమలకు మూడు నెలలుగా డాక్సీసైక్లిన్ వాడుతోందని అప్పుడు చెప్పింది! అదీ ఒక కారణం కావచ్చని ఆపించారు. మేము అడగలేదు, అది చెప్పలేదు.

ఇప్పుడు ఆ పీడనం తగ్గడానికి అసిటజోలమైడ్ మాత్రలు వాడుతోంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, సోడా తాగితే ఇనుము నాకినట్టుందట. బరువు తగ్గమన్నారు, అమ్మకు అదే కోపం. చూపు ఉన్నట్టుండి తగ్గినా, ఆగకుండా వాంతులైనా, మగతగా ఉన్నా అర్ధరాత్రి అయినా సరే వెంటనే తీసుకురమ్మన్నారు.

నిన్నటి పరీక్షలో వాపు తగ్గింది. చూపు పరిధి పరీక్ష వచ్చే నెల మళ్లీ ఉంది. హోరు మాత్రం ఇంకా పోలేదు.