వెనుక దీపాలు మొరాయించే పాత కారు: ఎర్త్ బాగుచేయాలా, ఎల్‌ఈడీలు బిగించాలా?

రాయగడ సభ్యుడు

మా ఇంట్లో 2006లో ఓఆర్-18 నంబరుతో నమోదైన మారుతి 800 ఉంది. 2021లో ఐదేళ్లకు పొడిగించిన రిజిస్ట్రేషన్ గడువు ఈ ఏడాది ముగుస్తున్నందున మళ్లీ ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాలి. రాత్రి లైట్లు వేసినప్పుడు వెనుక రెండు ఎర్ర దీపాలూ మామూలుగానే వెలుగుతున్నాయి. బ్రేకు నొక్కగానే మాత్రం ఎడమ వైపు వెలుగు పెరగవలసింది పోయి తగ్గిపోతోంది, దానికి తోడు ఎడమ ఇండికేటర్ మసకగా వెలుగుతోంది. బల్బు మార్చినా తేడా రాలేదు. ఒక షెడ్డులో పాత బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు వేయించుకోమన్నారు, మరొకచోట వెనుక వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. ఏది సరైన దారో సభ్యులు చెప్పగలరు.

జయపురం సభ్యుడు

నా అభిప్రాయం ఎల్‌ఈడీల వైపే. మన కొండ రోడ్ల కుదుపులకు ఫిలమెంట్ తరచూ తెగిపోతుంది, ఎల్‌ఈడీలో తెగడానికి తీగే ఉండదు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది: ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే బండి ఆ కాస్త వ్యవధిలోనే మూడు మీటర్లకు పైగా ముందుకు వచ్చేస్తుంది. చలికాలపు పొగమంచులో సుంకి ఘాట్ దిగేవారికి ఆ మూడు మీటర్ల విలువ వేరే చెప్పనక్కరలేదు.

పర్లాకిమిడి సభ్యుడు

జయపురం మిత్రులు చెప్పిన లెక్క నిజమే. కానీ రాయగడ మిత్రుల కారులో పాడైనది బల్బు కాదు, ఎడమ దీపపు ఎర్త్, అంటే కరెంటు కారు ఇనుప బాడీ మీదుగా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరే దారి. వారు వర్ణించిన లక్షణాలే అందుకు సాక్ష్యం.

ఆ దీపంలోని బల్బుకు రెండు ఫిలమెంట్లు ఉంటాయి: రాత్రి దీపానికి 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. రెండింటికీ, పక్కనున్న ఇండికేటర్‌కూ కలిపి తిరుగుదారి ఒక్కటే, అదే ఎర్త్. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఆగిపోదు, వేరే దారి వెతుక్కుంటుంది. రాత్రి దీపం ఒక్కటే వేసినప్పుడు అది వెలగని బ్రేకు ఫిలమెంట్ గుండా వెనక్కి వెళ్లి, బ్రేకు వైరు మీదుగా కుడి దీపానికి చేరి, అక్కడి ఎర్త్‌లో కలుస్తుంది. చల్లగా ఉన్న 21 వాట్ల ఫిలమెంట్ అడ్డు చాలా తక్కువ కనుక ఎడమ దీపం చూడటానికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బ్రేకు నొక్కిన క్షణంలో ఆ దారి కూడా మూసుకుపోతుంది, ఎందుకంటే ఇప్పుడు అటు వైపూ 12 వోల్టులే ఉన్నాయి. ఇక మిగిలింది ఇండికేటర్ ఫిలమెంట్ల దారి ఒక్కటే. అందుకే దీపం మసకబారుతుంది, ఇండికేటర్ అనవసరంగా వెలుగుతుంది. ముందు వైపు ఎడమ ఇండికేటర్‌ను కూడా చీకట్లో గమనించండి, అది కూడా లీలగా వెలుగుతూ ఉండవచ్చు.

నిర్ధారించుకోవడానికి మీటరు కూడా అవసరం లేదు. ఒకరిని బ్రేకు నొక్కి ఉంచమని చెప్పి, విడి వైరు ఒక కొసను హోల్డరు ఇత్తడి అంచుకు, రెండో కొసను డిక్కీలో రంగు లేని శుభ్రమైన ఇనుముకు ఆనించండి. దీపం వెంటనే పూర్తిగా వెలిగితే లోపం ఎర్త్‌దే. మల్టీమీటరు ఉన్నవారు 20 వోల్టుల స్థాయిలో పెట్టి, దీపాలు వెలుగుతుండగానే, హోల్డరు అంచుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలవాలి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది, అర వోల్టు దాటితే ఆ జాయింటును విప్పవలసిందే. దీపాలు ఆర్పి కొలిస్తే ఫలితం నమ్మరానిది: ఒక్క పోగు మీద నిలిచిన ఎర్త్ వైరు కూడా కరెంటు పారనప్పుడు నిక్షేపంగా సున్నా వోల్టులే చూపిస్తుంది.

రెండు వైపులా బ్రేకు దీపాలు ఆరిపోతే ముందు పెడల్ దగ్గరి స్విచ్‌ను, రెండు వైపులా రాత్రి దీపాలు పోతే ఫ్యూజును చూడాలి. ఇక్కడ లోపం ఒక్క వైపే ఉంది కనుక అవి ప్రస్తుతానికి అక్కరలేదు.

గుణుపురం సభ్యుడు

వైరింగ్ మొత్తం మార్చాలన్న సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కంపెనీ అల్లిక విప్పి చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు రెండు వర్షాకాలాలకే పచ్చగా చిలుము పట్టడం మా వైపు ఎన్నో బండ్లలో చూశాం. తెగిన వైరు ఉంటే ఆ ఒక్కదాన్నే టంకం పెట్టి కలిపితే చాలు.

జయపురం సభ్యుడు

ఎర్త్ లోపమే అనుకుందాం. ఎల్‌ఈడీ తీసుకునే కరెంటు చాలా తక్కువ కనుక ఆ బలహీనమైన జాయింటు కూడా దానికి సరిపోతుంది కదా? పని జరుగుతున్నప్పుడు అభ్యంతరం దేనికి?

పర్లాకిమిడి సభ్యుడు

సరిపోతుంది, నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. జాయింటులో ఒక ఓమ్ అడ్డు చేరితే ఫిలమెంట్ బల్బుకు దాదాపు రెండు వోల్టులు తగ్గుతాయి. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వెలుగు సగానికి పడిపోతుంది కాబట్టి లోపం మన కంటపడుతుంది. ఎల్‌ఈడీ ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది, తుప్పు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. చివరికి ఏదో ఒక రాత్రి ముందస్తు హెచ్చరిక లేకుండా దీపం పూర్తిగా పోతుంది, డ్రైవరుకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. అదీగాక ఆ దీపపు అద్దం, వెనుక మెరిసే గిన్నె ఫిలమెంట్ ఉండే చోటును బట్టి రూపొందించినవి. వాటిలో ఏదో ఒక ఎల్‌ఈడీ పెడితే నేరుగా వెనుక నుంచి కళ్లు జిగేలుమన్నా పక్క నుంచి సరిగా కనిపించకపోవచ్చు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు వెనుక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలంటున్నాయి, ఫిట్‌నెస్‌కు వెళ్లేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇండికేటర్లలో ఎల్‌ఈడీ వేస్తే పాత రిలే (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే స్విచ్) కరెంటు భారం చాలక గబగబా కొట్టుకుంటుంది. దాన్ని సరిచేయడానికి, భారం పెంచేందుకు తగిలించే రెసిస్టర్ ప్లాస్టిక్ పక్కనే కాగిపోతుంది.

జయపురం సభ్యుడు

ఇండికేటర్ల విషయంలో మీ మాటతో ఏకీభవిస్తాను. బ్రేకు దీపం విషయంలో మాత్రం, ఎర్త్ బాగుచేసిన తరువాత, అద్దం రంగుకు తగిన మంచి ఎర్ర ఎల్‌ఈడీ వేయడమే మేలని నా వాదన. ఘాట్ రోడ్డు మీద ఆ 0.2 సెకనును నేను వదులుకోలేను.

రాయగడ సభ్యుడు

విడి వైరు ఆనించగానే ఎడమ దీపం పూర్తిగా వెలిగింది. బ్రేకు నొక్కి కొలిస్తే ఎడమ హోల్డరు దగ్గర అర వోల్టు కన్నా చాలా ఎక్కువ, కుడి వైపు 0.05 వోల్టులు చూపించింది. ఎర్త్ లగ్గు (వైరు కొసను ఇనుముకు బిగించే లోహపు ముక్క) విప్పి చూస్తే కింద అంతా తుప్పే. దీపపు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు చీలి వాన నీరు అటువైపే దిగుతోంది. ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త లగ్గు బిగించి, పైన వాసెలిన్ పూశాం. ఇప్పుడు 0.08 వోల్టులకు దిగింది. పరీక్షకు 21/5 వాట్ల పాత రకం బల్బుతోనే వెళ్తాను. రబ్బరు ఇక్కడ దొరకలేదు, పార్వతీపురంలో అడగాలి. ఎవరి దగ్గరైనా ఆ కాలపు మారుతి 800 వెనుక దీపపు రబ్బరు ఉంటే తెలియజేయగలరు.