మాటల్లేని తండ్రీకొడుకులతో కలిసి చూడదగ్గ సినిమా ఏదైనా చెప్తారా?

మాది విజయనగరం. మా మావయ్యగారికీ మా ఆయనకీ మాటల్లేవు. చీపురుపల్లి వైపు పొలం అమ్మకం దగ్గర మొదలైంది. ఇప్పుడా పొలం ఊసు ఇద్దరూ ఎత్తరు, పంతం మాత్రం అలాగే ఉంది. ఒకే గదిలో కూర్చుని ఈయన మా బాబుతో "తాత మాత్రేసుకున్నాడేటో అడుగు" అంటారు. ఆయన "ఏసుకున్నానని చెప్పు" అని టీవీ సౌండు పెంచేస్తారు. మధ్యలో వాడికి ఆటగా ఉంది!

దసరా వెళ్లిన మంగళవారం మా ఊళ్లో పైడితల్లమ్మ సిరిమాను జాతర కదా (పూజారి కూర్చున్న పొడవాటి మానుని ఊరేగిస్తారు), అందరం ఇంట్లోనే ఉంటాం. సిరిమాను కోట దాకా మూడుసార్లు తిరిగొచ్చాక, రాత్రి భోజనాలై ఓ సినిమా పెడదామని ఉంది.

బొమ్మరిల్లు (2006) మాత్రం చెప్పకండి. చివర్లో సిద్ధార్థ్ లోపలున్నదంతా కక్కేస్తాడు, ప్రకాష్‌రాజ్ వింటాడు. మా మావయ్యగారు అది తననే అన్నట్టు తీసుకుని లేచిపోతారు. తండ్రి గోడు కూడా వినిపించే కథ కావాలి. కొడుకు తనూ తండ్రయ్యాక ఇంటికి తిరిగొచ్చేదైతే మరీ మంచిది. తండ్రి పోయాక కొడుకు ఏడ్చేవి అస్సలొద్దు, పండగపూట ఎందుకది? డబ్బింగైనా పర్లేదు గానీ మాటలు తెలుగులో ఉండాలి, కింద అక్షరాలు మావయ్యగారికి ఆనవు.

ఇంకోటి. ముందే చెప్పి కూర్చోబెట్టాలా, ఏమీ ఎరగనట్టు పెట్టేసి ఊరుకోవాలా? మీ ఇళ్లలో ఎవరైనా ఇలాంటిది చేసుంటే ఏం జరిగిందో రాయండి.