అప్‌డేట్: పాత ఇంటి రంగు కుదిరింది

మేం తీస్తున్న తిరుపతి క్యారేజ్ షాపు (రైలు బోగీలు బాగుచేసే చోటు) కార్మికుడి ఇంటి కథకు, టెరెన్స్ డేవీస్ 1988 సినిమా ‘డిస్టంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్’లోని వెలిసిన గోధుమ రంగు ఎలా తేవాలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. మీరన్నట్టే, ఆ రంగు ఫిల్టరొక్కదానితోనే వచ్చింది కాదు. ఫిల్మ్ కడిగే ల్యాబులో బ్లీచ్ దశ (ఫిల్మ్‌లోని వెండిని తొలగించడానికి చేసేది) వదిలేస్తే వెండి ఫిల్మ్‌లోనే మిగిలి రంగు తగ్గుతుంది, నలుపు చిక్కబడుతుంది.

అదే రూపం కోసం మేం డిజిటల్‌లో సాచురేషన్ (రంగుల గాఢత) 40 శాతం తగ్గించి, అదే షాట్ బ్లాక్ అండ్ వైట్ కాపీని పైన ఓవర్‌లేగా (కాంట్రాస్ట్ పెంచే పై పొరగా) 30 శాతం ఒపాసిటీతో, అంటే 30 శాతమే ప్రభావం ఉండేలా, పెట్టాం. ముఖాలు మాడినట్టుంటే ఓవర్‌లేనే తగ్గించాలి.

అసలు తిప్పలు నీలం గోడతో! ఎడిటింగ్‌లో రంగులు ఎంత సరిచేసినా (గ్రేడింగ్) కొట్టొచ్చినట్టే కనిపించింది. సున్నంలో కాస్త ఎర్రమన్ను కలిపి పూయించాక గానీ లొంగలేదు. ప్లాస్టిక్ బిందెలూ తీసేశాం. లైటుకి 2700 కెల్విన్ పసుపు బల్బు, కెమెరా వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏదో కెమెరాకి చెప్పే సెట్టింగ్) 3200 కెల్విన్ దగ్గర లాక్. దాన్ని ఆటో మోడ్‌లో వదిలితే ఆ పసుపుదనాన్ని కెమెరానే కడిగేస్తుంది.