మీటరులో 62 వేలు: జపాన్ నుంచి వచ్చిన ఆక్వా నిజంగా ఎంత తిరిగిందో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న | రాత్రిడ్యూటీ, ఆక్లండ్

నమస్కారం అందరికీ. మేము ఆక్లండ్‌లో పాపటోయ్‌టోయ్ వైపు ఉంటాం. నేను నర్సును. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రావాలన్నా, పాపను బడిలో దింపాలన్నా ఇక కారు లేకుండా కుదరదు. ఒక కార్ల యార్డులో తెల్లటి టొయోటా ఆక్వా చూశాం. 2013 మోడలు, మీటరులో 62,400 కిలోమీటర్లు, ధర 11,900 డాలర్లు. జపాన్ నుంచి ఈ మధ్యనే ఓడ దిగిందట. ఇంకా నంబరు ప్లేటు కూడా బిగించలేదు.

కారు నచ్చింది. నడిపి చూస్తే ఎక్కడా తేడా అనిపించలేదు. కానీ పదకొండేళ్ల బండి 62 వేలే తిరిగిందంటే మనసు ఒప్పుకోవడం లేదు. మా నాన్నగారి కారు ఆరేళ్లకే లక్ష దాటింది. యార్డు అతన్ని అడిగితే "ఒకే యజమాని నడిపిన బండి, వేలంలో గ్రేడ్ 4 వచ్చింది" అని ఫోనులో ఒక కాగితం ఫొటో చూపించాడు. తర్వాత నాకు పంపాడు కూడా. అంతా జపనీస్ భాషలో ఉంది, పైభాగం కత్తిరించి ఉంది. నేను చదవగలిగింది 25/6 అని ఒకచోట, 62,387 అని ఇంకొకచోట, కారు బొమ్మ మీద ఎ2, యు1 లాంటి గుర్తులు. పాత కారు మీద 25 ఎందుకుందో అర్థం కాలేదు.

ఈ డబ్బు మా ఇద్దరి జీతాల్లోంచి నెలనెలా మిగిల్చి దాచింది. మీటరు వెనక్కి తిప్పలేదని నిర్ధారించుకోవడానికి ఏ కాగితాలు అడగాలి? ఎవరిని అడగాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు | తూర్పు తమాకి

ముందు వాహనాల వివరాలు చూపే కార్‌జామ్ అనే వెబ్‌సైటులో వెతకండి. కారు రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఇక్కడ చేసే వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ తనిఖీ జరిగిన ప్రతిసారీ మీటరు అంకె నమోదవుతుంది. అవన్నీ తేదీలతో సహా అందులో కనిపిస్తాయి. నేను కారు కొన్నప్పుడు అలాగే చూసుకున్నాను, ఇబ్బంది రాలేదు. కారు మీద ఎవరికైనా అప్పు బాకీ ఉందేమో కూడా అక్కడే తెలుస్తుంది.

జవాబు | పెన్‌రోజ్ పనివాడు

తూర్పు తమాకి గారు చెప్పింది ఇక్కడ కొన్నేళ్లు నడిచిన కారుకు చాలా మంచి సలహా. ఈ ఆక్వా ఇప్పుడే దిగింది కాబట్టి న్యూజీలాండ్ రికార్డులో దిగుమతి తనిఖీ నాటి అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఓడ ఎక్కకముందే ఎవరైనా మీటరు తిప్పి ఉంటే, ఆ తిప్పిన అంకే ఇక్కడ మొదటి నమోదుగా ఎక్కుతుంది. అందుకని చెల్లెమ్మా, మీరు వెతకాల్సింది ఈ కారు జపాన్‌లో గడిపిన పదకొండేళ్ల జాడ.

నేను పెన్‌రోజ్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తాను. జపాన్ నుంచి దిగిన కార్లను ఇక్కడి ప్రమాణాల తనిఖీకి సిద్ధం చేయడం మా పని. మీటరులో తక్కువ అంకె కనిపించగానే మురిసిపోయేవాళ్లనూ, మోసమని వెనుదిరిగేవాళ్లనూ రోజూ చూస్తుంటాను. జపాన్ నగరాల్లో రైలు సౌకర్యం ఎక్కువ. కారును వారానికోసారి బయటికి తీసే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏడాదికి అయిదారు వేల కిలోమీటర్లు తిరిగిన కారు అక్కడ వింతేమీ కాదు. అయితే నిజంగా తక్కువ తిరిగిన కారైతే దానికి సాక్ష్యం కూడా ఉంటుంది. ఒక్క అంకె సాక్ష్యం కాదు. వేర్వేరు తేదీల్లో, ఈ కారు అమ్మకంతో ఏ లాభమూ లేని మనుషులు రాసిన అంకెలు వరుసగా పెరుగుతూ ఉండాలి.

అలాంటి మనుషులు జపాన్‌లో ఉన్నారు. అక్కడ షకెన్ అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. కొత్త కారుకు మొదటిది మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి. 2004 నుంచి ఆ తనిఖీ పత్రం మీద మీటరు అంకె కూడా రాస్తున్నారు. కారును విదేశానికి పంపేటప్పుడు అక్కడి రిజిస్ట్రేషను రద్దు చేసి ఎగుమతి పత్రం ఇస్తారు. దాని వివరాల గడిలో చివరి షకెన్ నాటి అంకె, అంతకు ముందుదాని అంకె, రెండూ తేదీలతో ఉంటాయి. ఈ కారును ఇక్కడ రిజిస్టరు చేయాలంటే ఆ పత్రం కావాలి కనుక యార్డు దగ్గర లేదనే మాట ఉండదు. మొట్టమొదట అడగాల్సింది అదే. మీకు ఫొటో పంపిన ఆ వేలం చీటీ కన్నా దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అది ప్రభుత్వ పత్రం, పైగా ఒక రోజు కథ కాకుండా కొన్నేళ్ల కథ చెబుతుంది.

ఇక 25/6 సంగతి. అది జపాన్ చక్రవర్తుల శకం. హెయిసెయి 25వ ఏడాది, ఆరో నెల. హెయిసెయి సంవత్సరానికి 1988 కలపండి, 2013 వస్తుంది. 2019 మే నుంచి రెయివా శకం మొదలైంది, దానికి 2018 కలపాలి. ఎగుమతి పత్రంలో రెయివా 4 అని ఉంటే 2022. మీ కారు 2013 జూన్‌లో మొదటిసారి రిజిస్టరు అయింది కాబట్టి షకెన్‌లు 2016, 2018, 2020, 2022 సంవత్సరాల్లో జూన్‌కు కాస్త అటూ ఇటూగా పడి ఉండాలి. పత్రంలో తేదీలు అలా ఉన్నాయో లేదో సరిచూడండి. మధ్యలో ఒక షకెన్ తప్పిపోయి ఉంటే ఆ కాలంలో కారు రోడ్డు మీద లేదన్నమాట, ఎందుకని అడగాలి.

వేలం చీటీ కత్తిరించి పంపారంటే నాకు నచ్చలేదు. ఆ చీటీలో ముఖ్యమైనవన్నీ పైభాగంలోనే ఉంటాయి: వేలం సంస్థ పేరు, లాటు నంబరు, కుడి మూలన గ్రేడు, అంటే కారు స్థితికి వేలం సంస్థ ఇచ్చిన మార్కు. మీకు కనిపించిన ఎ2 అంటే గీత, యు1 అంటే చిన్న సొట్ట. పక్కనున్న అంకె పెరిగే కొద్దీ దెబ్బ పెద్దది. వీటికి భయపడకండి, పాత కారుకు గీతలు ఉంటాయి. డబ్ల్యు కనిపిస్తే అక్కడ రేకు సరిచేసి రంగు వేశారు. ఎక్స్ రెండుసార్లు ఉంటే ఆ భాగాన్ని మార్చేశారు. గ్రేడు దగ్గర 4 బదులు ఆర్ ఉంటే కారు అస్థిపంజరంలో ఏదో ఒక భాగానికి మరమ్మతు జరిగిందని అర్థం. కిలోమీటర్ల అంకె పక్కన డాలరు గుర్తు ఉంటే మీటరు మార్చారు. 'సోకో ఫుమెయి' అని రాసి ఉంటే ఎంత తిరిగిందో వేలం సంస్థకే తెలియదు. ఆ రెండు మాటలు జపనీస్‌లో ఎలా ఉంటాయో ఫోనులోని అనువాద కెమెరా పెడితే తెలిసిపోతుంది.

చీటీ ఫొటోను మార్చడం కష్టమైన పని కాదు. అందుకే అమ్మేవారు చూపించిన చీటీతో ఆగవద్దు. కారు ఛాసిస్ నంబరు తీసుకోండి. ఆక్వాకు అది ఎన్‌హెచ్‌పి10 అని మొదలవుతుంది. 7ఎటి అని మొదలయ్యే పదిహేడు అక్షరాల నంబరు ఇస్తే అది ఇక్కడ న్యూజీలాండ్‌లో ఇచ్చింది, జపాన్‌లో దానితో ఏదీ దొరకదు. అసలు ఛాసిస్ నంబరుతో పాత వేలం చీటీలను వెతికి ఇచ్చే సేవలు ఉన్నాయి, కొద్దిపాటి రుసుము తీసుకుంటాయి. జపాన్‌లో ఎగుమతి కార్లను తనిఖీ చేసే జెవిక్ సంస్థ ఓడోమీటరు ధ్రువీకరణ కూడా చేస్తుంది. యార్డు దగ్గర ఆ ధ్రువపత్రం ఉందేమో అడగండి.

పెడల్ రబ్బరు అరిగిందా, స్టీరింగు నున్నబడిందా అని చాలామంది చూస్తారు. చూడండి, తప్పులేదు. కానీ రబ్బరును చిటికెలో మార్చేస్తారు. డ్రైవరు తలుపు తెరిచి లోపలి అంచున జపనీస్ ఆయిల్ స్టిక్కరు ఉందేమో చూడటం అంతకన్నా మేలు. ఆయిల్ ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాస్తారు. దాన్ని పీకడం చాలామందికి తట్టదు. ఆక్వా కాబట్టి వెనుక సీటు పక్కనున్న గాలి రంధ్రం దుమ్ముతో నిండిందేమో కూడా చూడండి. హైబ్రిడ్ బ్యాటరీ ఆ గాలితోనే చల్లబడుతుంది.

జవాబు | హామిల్టన్ లక్క

పై జవాబుకు చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను. డీలరు అమ్మకానికి పెట్టిన ప్రతి పాత కారు మీదా సీఐఎన్ అనే సమాచార పత్రం అంటించాలి. మీటరు అంకె, విదేశంలో మొదట రిజిస్టరు అయిన సంవత్సరం, దెబ్బతిన్న స్థితిలో దిగుమతి అయిందా లేదా అన్నవి అందులో ఉంటాయి. కొనేటప్పుడు దాని ప్రతి మీకు ఇవ్వాలి. దాచుకోండి.

ఒక్క విషయంలో జాగ్రత్త అండీ. "దెబ్బతిన్న స్థితిలో దిగుమతి: కాదు" అని ఉంటే ఇంతకు ముందు ప్రమాదమే జరగలేదని అనుకోకండి. జపాన్‌లో దెబ్బ తగిలి, అక్కడే బాగుచేసి పంపిన కారుకు కూడా "కాదు" అనే రావచ్చు.

"గ్రేడ్ 4, మీటరు సరైనదే" అని అతను నోటితో చెప్పిన మాటలను ఈమెయిలులో రాయించుకోండి. రాసి ఇచ్చింది అబద్ధమని తేలితే 1986 నాటి ఫెయిర్ ట్రేడింగ్ చట్టం, 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం మీకు అండగా ఉంటాయి. మోటారు వాహనాల వివాదాల ట్రైబ్యునల్ లక్ష డాలర్ల వరకు ఫిర్యాదులు వింటుంది. అది డీలర్ల అమ్మకాలకే. ఎవరో ఇంటి ముందు పెట్టి సొంతంగా అమ్ముకునే కారుకు ఈ ట్రైబ్యునల్ లేదు, హామీల చట్టమూ వర్తించదు. అందుకే రెండు మూడు వందలు ఎక్కువైనా డీలరు దగ్గర కొనమని మా వాళ్లందరికీ చెబుతాను.

తిరిగి | రాత్రిడ్యూటీ, ఆక్లండ్

అందరికీ ధన్యవాదాలు. అన్నయ్యా, మీరు చెప్పినట్టే ఎగుమతి పత్రం అడిగాను. మొదట "ఆఫీసులో ఉంది, చూడాలి" అన్నాడు, సాయంత్రానికి పంపాడు. రెయివా 2 జూన్‌లో 49,100. రెయివా 4 జూన్‌లో 57,800. వేలం రెయివా 6 మార్చిలో, 62,387. అంకెలు పెరుగుతూనే వచ్చాయి, షకెన్ నెలలు కూడా కలిశాయి. మీటరు విషయంలో నా అనుమానం పోయింది.

కానీ ఛాసిస్ నంబరుతో పూర్తి చీటీ తెప్పిస్తే దాని మూలన 4 లేదు. ఆర్ ఉంది, కారు లోపలి భాగానికి ఇచ్చిన గ్రేడు బి. బొమ్మలో వెనుక తలుపు మీద రెండు ఎక్స్‌లు. కింద చేత్తో రాసిన వాక్యాన్ని అనువాద కెమెరాతో చదివితే "వెనుక ప్యానెల్ సరిచేశారు" అని వచ్చింది. గ్రేడు గురించి ఈమెయిలు రాస్తే ఇంకా జవాబు రాలేదు. ఇలాంటి కారు అసలు కొనకూడదా? ధర తగ్గిస్తే కొనవచ్చా? మావారు కిలోమీటర్లు నిజమే కదా, తీసుకుందాం అంటున్నారు.

జవాబు | పెన్‌రోజ్ పనివాడు

మంచి పని చేశావు చెల్లెమ్మా. వెనుక తలుపు మాత్రమే మార్చి ఉంటే ఆర్ పడదు. బోల్టులతో బిగించే తలుపులు, బానెట్, ముందు ఫెండర్లు జపాన్ లెక్కలో మరమ్మతు చరిత్ర కిందికి రావు. వెనుక ప్యానెల్, అంటే డిక్కీ తలుపు కింద ఉండే రేకు, కారు ఒంటికి వెల్డు చేసిన భాగం. ఆర్ పడింది అక్కడి మరమ్మతు వల్లే కావచ్చు. వెనుక నుంచి ఎవరో గుద్దారు. ఎంత గట్టిగా గుద్దారన్నదే ఇప్పుడు తేలాలి.

ప్యానెల్ దగ్గరే ఆగి, చక్కగా సరిచేసి ఉంటే ఆ కారు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తుంది. అలాంటివి మా చేతుల మీదుగా వెళ్లాయి. దెబ్బ లోపలి నేల దాకా, కారు అడుగున పొడవునా ఉండే ఇనుప మెంబర్ల దాకా పాకి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు. పాపను వెనుక సీటులో కూర్చోబెట్టే కారు అది. ఏదైనా సరే, గ్రేడ్ 4 ధరకు ఆర్ కారు కొనకండి. జపాన్ వేలంలోనే ఆ రెండింటికీ ధరలో తేడా ఉంటుంది, అతను కూడా తక్కువకే కొని ఉంటాడు.

యార్డుతో సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్టు మీద ఎక్కించి చూపించండి. యార్డు అందుకు ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. మీరు స్వయంగా చేయగలిగింది కూడా ఉంది. డిక్కీలోని తివాచీ, దాని కింద అట్ట ఎత్తండి. కంపెనీలో వేసిన స్పాట్ వెల్డులు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. కుడివైపు ఎలా ఉందో ఎడమవైపు అలాగే ఉండాలి. ఒకవైపు సీలెంటు వేలితో పూసినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా, రేకు అలలుగా కనిపించినా, అడుగున తుప్పు మొదలైనా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. రాత్రి ఏ వేళ పెట్టినా పొద్దున్నే చూసి చెబుతాను.

తిరిగి | రాత్రిడ్యూటీ, ఆక్లండ్

శనివారం మాంగెరెలో తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్టు దొరికింది. యార్డు అతను కారు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, గ్రేడు సంగతి మాత్రం ఇంకా రాసి పంపలేదు. ఫొటోలు ఆ రోజే పెడతాను.